మిల్లర్ దొర శిష్యుడి శిష్యుడు మా తాతయ్య

మా తాతయ్య క్రైస్తవుడు కాదు. మద్రాసులో చదువుకోలేదు, తెల్లదొరల దగ్గర పాఠం విననేలేదు. అయినా స్కాట్లండు నుంచి వచ్చిన ఒక మిషనరీ మా ఇంటి అలవాట్లను కొంత మార్చాడని నేను గట్టిగా నమ్ముతాను. ఆయన పేరు విలియం మిల్లర్. చెన్నై శివార్లలోని తాంబరంలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి దగ్గర్లోనే చాలా ఏళ్ళుగా కాపురముంటున్నాను కాబట్టి ఆ పేరు రోజూ చెవిన పడుతూనే ఉంటుంది. అక్కడి లైబ్రరీకి ఆయన పేరే పెట్టారు. కానీ ఆ పేరుకీ కాకినాడకీ ఉన్న చుట్టరికం ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి తెలియదు. అందుకే ఈ పోస్టు.

మిల్లర్ 1838లో స్కాట్లండు ఉత్తర కొసన ఉన్న థర్సోలో పుట్టాడు. 1862 చివర్లో మద్రాసులో ఓడ దిగాడు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. జాన్ ఆండర్సన్ 1837లో మొదలుపెట్టిన మిషన్ బడి అప్పటికి ఉంది. దాన్ని కాలేజీగా పెంచి, వేర్వేరు మిషన్ల వాళ్ళని ఒప్పించి అందరి మద్దతూ కూడగట్టి, 1877లో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ అని పేరు స్థిరపరిచేదాకా తీసుకొచ్చాడు. 1907 దాకా దానికి పెద్ద దిక్కు ఆయనే. ఇవాళ హైకోర్టు ఎదురుగా ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులో నడిస్తే కొట్లూ తోపుడుబళ్ళూ జనమూ తప్ప ఏమీ ఆనవు. ఆండర్సన్ పేరున్న చర్చి మాత్రం అక్కడే ఉంది. ఆ చుట్టుపక్కలే కాలేజీ ఉండేది. తాంబరానికి మారింది 1937లో.

మిల్లర్ గురించి నాకు బాగా నచ్చిన సంగతి ఆయన మొహమాటం లేనితనం. కాలేజీలో బైబిల్ పాఠం ఉండేది, అందరూ కూర్చోవాల్సిందే. తను మిషనరీనని ఏనాడూ దాచలేదు. అయితే ఎంతమంది పిల్లలు బాప్తిస్మం తీసుకున్నారన్న లెక్కతో కాలేజీని కొలవడానికి మాత్రం ఒప్పుకోలేదు. మంచి చదువు ఒక సమాజం ఆలోచనలోకి మెల్లగా ఇంకాలనీ, దాని ఫలం ఎప్పుడు ఎలా వస్తుందో పంతులు చేతిలో ఉండదనీ ఆయన నమ్మకం. దీనికి సొంతవాళ్ళే ఆయన్ని తప్పుపట్టారు. మతప్రచారానికని చందాలిస్తే ఈయన హిందూ కుర్రాళ్ళకి షేక్‌స్పియర్ చెబుతున్నాడేమిటని అడిగారు. ఆయన తన దారి మార్చుకోలేదు. విచిత్రమేమిటంటే, 1896లో స్కాట్లండు ఫ్రీ చర్చి తన మహాసభకి ఆయన్నే అధ్యక్షుడిగా ఎన్నుకుంది.

కాలేజీ అంటే గంట కొట్టగానే మొదలై గంట కొట్టగానే అయిపోయే వ్యవహారం కాదని ఆయన పట్టుదల. సొంత డబ్బు పెట్టి హాస్టళ్ళు కట్టించాడు. సర్కారు జిల్లాల కుర్రాళ్ళకి అదెంత పెద్ద సాయమో ఇప్పుడు ఊహించడం కష్టం. అప్పటికి బెజవాడ నుంచి మద్రాసుకి రైలు లేదు, ఆంధ్రలో యూనివర్సిటీ లేదు. ఇల్లు వదిలి ఇంతదూరం వచ్చిన పిల్లవాడికి అరవం రాదు, తిండి పడదు, పలకరించే మనిషి ఉండడు. ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఉండడానికి చోటూ, పేరు పెట్టి పిలిచే మాస్టారూ దొరికితే సగం చదువు వచ్చినట్టే.

1880ల్లో అలా మిల్లర్ దగ్గర చదువుకున్నవాళ్ళలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఒకరు. మచిలీపట్నంలో పుట్టి, హైదరాబాదులో చదివి, బి.ఏ.కి క్రిస్టియన్ కాలేజీకి వచ్చారు. మిల్లర్ ప్రభావం ఆయన మీద జీవితాంతం ఉంది. కానీ ఆయన క్రైస్తవం పుచ్చుకోలేదు, బ్రహ్మసమాజం వైపు వెళ్ళారు. చందాదార్ల లెక్కలో అది మిషన్‌కి నష్టం. నా లెక్కలో మాత్రం మిల్లర్ చేసిన పనుల్లో ఇంతకంటే గొప్పది లేదు.

ఎందుకంటే నాయుడుగారు 1904లో కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వెళ్ళి అక్కడ చేసింది చూడండి. ఆడపిల్లల్ని చేర్చుకున్నారు. అంటరానివాళ్ళని దూరం పెట్టిన కులాల్ని అప్పట్లో పంచములనేవాళ్ళు, ఆ పిల్లల్నీ చేర్చుకున్నారు. సానిమేళాలు పెట్టించే పెద్దమనుషులతో బహిరంగంగా తలపడ్డారు. రాజావారి అండతో అనాథలకి ఆశ్రయం, హరిజన విద్యార్థులకి హాస్టలు వచ్చాయి. తెల్లటి బట్టలే కట్టేవారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి లాంటివాళ్ళు ఆ నీడలో తయారయ్యారు.

మా తాతయ్య అక్కడ చదివింది 1916 తర్వాత. పిఠాపురం దగ్గర పల్లెటూరు, మడీ ఆచారం ఎక్కువున్న ఇల్లు. ఏ పిల్లవాడి నీడ పడితే తాతయ్యకి వాళ్ళమ్మ స్నానం చేయించేదో, ఆ పిల్లవాడు కాలేజీలో పక్కన కూర్చుని అదే పుస్తకం చదువుతున్నాడు. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ముత్తమ్మమ్మ తాతయ్యని అరుగు దిగువనే నిలబెట్టి, బట్టలతో సహా తలమీద రెండు బిందెల నీళ్ళు పోసి, అప్పుడు గడప దాటనిచ్చేదట. రెండు మూడు సార్లు ఊరుకున్నాడు. ఒక దసరా సెలవులకి మాత్రం, "అమ్మా, నేనేమీ అంటు పడలేదు. నీళ్ళు పోస్తానంటే అరుగు మీదే ఉంటాను," అని చాప పరుచుకుని కూర్చున్నాడు. రాత్రి అన్నం కూడా అక్కడికే తెచ్చిపెట్టింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరూ దిగిరాలేదు. చివరికి ముత్తాతయ్యే వచ్చి, "లోపలికి రారా, ఊరంతా చూస్తోంది," అన్నాడట. నీళ్ళ సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

తాతయ్య తర్వాత బోర్డు హైస్కూల్లో లెక్కల మాస్టారయ్యాడు. క్లాసులో పిల్లల్ని హాజరుపట్టీ వరసలో కూర్చోబెట్టేవాడు. పేరులో మొదటి అక్షరమే లెక్క. ఏ వీధి, ఏ కులం అన్నది లేదు. కరణంగారి అబ్బాయి పక్కన మాలపల్లి అబ్బాయి పడితే పడేవాడు. తల్లిదండ్రులు గొడవకి వచ్చేవారు. "పట్టీలో వరస అలా ఉందండీ," అనేవాడు, అంతకుమించి వాదించేవాడు కాదు. నాయుడుగారి పేరు వస్తే మాత్రం, పడక్కుర్చీలో పడుకున్నవాడు లేచి నిటారుగా కూర్చునేవాడు. ఎందుకు తాతయ్యా అని అడిగితే, "గురువుగారమ్మా," అనేవాడు. అంతే. నేను టీచర్నయ్యాక ఆ హాజరుపట్టీ వరసే నా క్లాసులోనూ పెట్టాను. రైల్వే వాళ్ళ పిల్లలు, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ పిల్లలు, ఇళ్ళల్లో పనిచేసుకునేవాళ్ళ పిల్లలు, తెలుగువాళ్ళూ తమిళులూ అందరూ కలిసిపోయేవారు.

మిల్లర్ పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాడో నేను చెప్పడం లేదు. పిల్లవాడి మీద గెలుపు లెక్క చూసుకోకుండా అతన్ని పూర్తిగా మనిషిగా చూడడం ఆయన నుంచి నాయుడుగారికీ, నాయుడుగారి నుంచి మా తాతయ్యకీ వచ్చిందని మాత్రం అంటున్నాను.

మిషన్ కాలేజీల్లో మన మతాన్ని తక్కువ చేసి మాట్లాడలేదా అని మా తమ్ముడు నన్నెప్పుడూ అడుగుతాడు. మాట్లాడారు. మన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు అదే కాలేజీలో అలాంటి విమర్శ విని మనసు కలతపడి, దానికి జవాబుగానే వేదాంతంలోని నీతి మీద ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం రాశారు. 1908లో అది అచ్చయింది. ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నది ఎవరనుకున్నారు? ఆయన గురువు, మిషనరీ అయిన ఏ.జి. హాగ్. తన మతాన్ని కాదని శిష్యుడు వాదిస్తే, వాదన బాగుందని గురువు సర్టిఫికెట్టు ఇచ్చాడు. అలాంటి గాలి ఒక కాలేజీలో ఊరికే వీచదు. నలభై ఏళ్ళకి పైగా మిల్లర్ వేసిన పునాది అది. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు, వాడి అభిప్రాయం వాడిది.

మిల్లర్ 1907లో స్కాట్లండు తిరిగి వెళ్ళిపోయి 1923లో కన్నుమూశాడు. అంతకుముందు కొంతకాలం మద్రాసు యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నాడు. ఆయన పోయిన రెండేళ్ళకి, 1925లో, అదే పదవికి వెంకటరత్నం నాయుడుగారు వచ్చి 1928 దాకా ఉన్నారు. తెలుగునాట నుంచి చదువుకి వచ్చిన కుర్రాడు గురువు కూర్చున్న కుర్చీలో కూర్చోవడం ఆ ముసలాయన చూసి ఉంటే ఎంత బాగుండేదో! మెరీనా ముందు నుంచి వెళ్ళే బస్సులో సెనేట్ హౌస్ ఎర్రటి గోడలు దాటినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది.

హైకోర్టు ఎదుటి ఎస్ప్లనేడ్‌లో ఉన్నప్పటి ఆ పాత కాలేజీ హాస్టళ్ళలో ఉండి చదువుకున్న మన తెలుగువాళ్ళ రాతలు ఏవైనా దొరుకుతాయేమోనని ఇప్పుడు వెతుకుతున్నాను. పెద్ద పెద్ద వాళ్ళ జీవిత చరిత్రలు నాకు అక్కర్లేదు. ఇంటికి రాసిన కార్డులు, డబ్బు పంపమని అడిగిన ఉత్తరాలు, మెస్సు లెక్కలు, నోటు పుస్తకాలు ఏవైనా సరే. నెల్లూరు, గుంటూరు, గోదావరి జిల్లాల ఇళ్ళల్లో పాత ట్రంకు పెట్టెలు ఇంకా ఉన్నాయి. మీ ముత్తాతగారిదో, వాళ్ళ అన్నగారిదో అలాంటిది ఉంటే పారేయకండి, నాకు ఒక్క మాట చెప్పండి. ఫోటో తీసి పంపినా చాలు, చదివి పెట్టే పూచీ నాది.