మొదట కొన్నవారు కట్టే అదనపు ధర

చేతిలో పట్టుకుని మాట్లాడగలిగిన తొలి వాణిజ్య సెల్‌ఫోన్ మోటరోలా డైనాటాక్ 8000ఎక్స్. దానికి 1983లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది. దాని ధర 3,995 డాలర్లు. దాదాపు పది గంటలు చార్జింగ్ పెడితే అరగంట సేపు మాట్లాడుకోవచ్చు. అంత డబ్బు పోసి దాన్ని కొన్నవారిని తొందరపాటు మనుషులని కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు.

పరిశోధనకూ అచ్చులకూ యంత్రాలకూ ముందే పెట్టిన పెట్టుబడిని తొలి కొద్దిమంది కొనుగోలుదారులే పంచుకోవాలన్నది, మొదట్లో ధర ఎక్కువగా ఉండటానికి అందరికీ తెలిసిన కారణమే. అంతకంటే ముఖ్యమైనది పని నేర్చుకోవడానికి అయ్యే ఖర్చు. సిలికాన్ వేఫర్ అనే ఒక పలుచని గుండ్రటి బిళ్ల మీద వందల చిప్‌లు ఒకేసారి తయారవుతాయి. కొత్త పద్ధతి మొదలైన రోజుల్లో వాటిలో చాలా భాగం లోపాలతో పనికిరాకుండా పోతాయి. వేఫర్‌కు అయ్యే ఖర్చు మాత్రం తగ్గదు కాబట్టి, మిగిలిన కొద్ది మంచి చిప్‌ల ధరలోనే చెడిపోయినవాటి ఖర్చు కూడా కలుస్తుంది. విమానాల తయారీని పరిశీలించిన థియోడర్ రైట్ అనే ఇంజనీరు, అప్పటివరకు తయారైన మొత్తం విమానాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే శ్రమ సుమారు 20 శాతం తగ్గుతుందని 1936లో చూపించాడు. అంటే వస్తువు చవక కావడానికి కాలం గడిస్తే చాలదు, ఎవరో ఒకరు ఖరీదుగా ఉన్నప్పుడే దాన్ని కొంటూ ఉండాలి.

అయితే అదనపు ధర అంతా ఈ లెక్కలోకి రాదు. 2007 జూన్‌లో 599 డాలర్లకు అమ్మకానికి వచ్చిన ఐఫోన్‌ను సెప్టెంబరులోనే 399 డాలర్లకు తగ్గించారు. ముందుగా కొన్నవారు ఆగ్రహించడంతో ఆపిల్ వారికి తన దుకాణంలో వాడుకునేలా 100 డాలర్లు ఇచ్చింది. అంత తక్కువ వ్యవధిలో తయారీ ఖర్చు మూడో వంతు పడిపోయి ఉంటుందని నేననుకోను. ఎంతైనా ఇచ్చి కొనేవారి దగ్గర ముందు ఎక్కువ తీసుకుని, ఆ తర్వాత మిగిలినవారి కోసం ధర దించడం వ్యాపారంలో పాత పద్ధతే. పాల మీది మీగడను ముందు తీసుకోవడం లాంటిది. నేర్చుకోవడానికైన ఖర్చును నేను సంతోషంగా భరిస్తాను కానీ, నా ఆత్రుతకు కట్టిన ధరను అంత సులభంగా ఒప్పుకోలేను.

మొదటి కొనుగోలుదారు ఎప్పుడూ ఒక వ్యక్తే కానక్కరలేదు. సౌర పలకల్లో ఎండను విద్యుత్తుగా మార్చే సౌర ఘటాలు నేల మీద వాడకానికి మరీ ఖరీదుగా ఉన్న రోజుల్లో, 1958లో, అవి వాన్‌గార్డ్-1 ఉపగ్రహంతో అంతరిక్షంలోకి వెళ్లాయి. అక్కడ వేరే మార్గం దాదాపు లేదు కాబట్టి ధర అడ్డు కాలేదు. తరువాత 2000లో జర్మనీ ఒక చట్టం చేసి, సౌర విద్యుత్తుకు 20 ఏళ్లపాటు మార్కెట్ కంటే ఎక్కువ ధర చెల్లిస్తామని హామీ ఇచ్చి, ఆ భారాన్ని చాలా ఏళ్లపాటు విద్యుత్ వినియోగదారుల బిల్లుల ద్వారా వసూలు చేసింది. ఆ గిరాకీతో ప్రపంచమంతటా ఉత్పత్తి పెరిగి పలకల ధరలు పడిపోయాయి. ఈ రోజు ఏ దేశంలోనైనా ఇంటి కప్పు మీద చవకగా సౌర పలకలు పెట్టించుకుంటున్నవారి కోసం, ఆనాటి జర్మనీ ఇళ్లవారు తమ కరెంటు బిల్లుల్లో కొంత ముందుగానే కట్టేశారు.