మారితే ఇల్లా, ఇల్లుంటే మార్పా

సియాటిల్ నగరంలో ఈస్ట్‌లేక్ అవెన్యూ మీద 1811 నంబరు భవనం ఒకటుంది. దాని పేరు కూడా అదే. నిరాశ్రయుల కోసం 1979లో ఏర్పడిన డి.ఇ.ఎస్.సి. అనే సంస్థ 2005 డిసెంబరులో అక్కడ 75 చిన్న ఇళ్ళు తెరిచింది. ఏళ్ళ తరబడి వీధిలోనే తాగి, వీధిలోనే పడిపోయి, అంబులెన్సులో ఆసుపత్రికి, అక్కడినుంచి మత్తు దిగే కేంద్రానికి, మధ్యమధ్య జైలుకు తిరుగుతున్నవారిని ఏరికోరి అందులోకి తీసుకున్నారు. పైగా ఎవరి గదిలో వారు తాగవచ్చునన్నారు. దాని మీద ఊళ్ళో పెద్ద గొడవే జరిగింది, వ్యవహారం కోర్టుదాకా వెళ్ళింది.

మా అమ్మ ఇక్కడికి వచ్చి ఉన్న రోజుల్లో ఒకసారి కారులో ఆ దారిన వెళుతూ ఈ సంగతి చెప్పాను. "తాగేవాడికి ఇల్లిచ్చి కూర్చోబెడితే ఇంకెందుకు మానతాడురా?" అంది. ఈ విషయంలో నేను విన్న అభ్యంతరాలన్నింటిలోకీ సూటి అయినది ఇదే. ఆఫీసులో సహోద్యోగులు, ఇక్కడి తెలుగు సంఘంలో పెద్దలు ఇదే ప్రశ్నను మరింత మర్యాదగా, గణాంకాలు జోడించి అడుగుతారు, అంతే తేడా.

దీనికి జవాబు 2009లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ భవనంలోకి వెళ్ళిన 95 మందిని, చోటు దొరక్క జాబితాలో మిగిలిపోయిన 39 మందితో పోల్చి చూశారు. ఇంట్లోకి రాకముందు ఏడాదిలో ఒక్కొక్కరి మీద జైలు, ఆసుపత్రి, అంబులెన్సు వంటి వాటికి నెలకు అయిన ప్రజాధనం మధ్యస్థ విలువ 4,066 డాలర్లు. ఇంట్లో ఏడాది ఉన్న తరువాత అది 958 డాలర్లకు దిగింది. ఇక తాగుడు సంగతి చూస్తే, రోజుకు 15.7 పెగ్గులుగా ఉన్న మధ్యస్థ లెక్క ఏడాది చివరికి 10.6 అయింది. అంటే అమ్మ అనుమానం పూర్తిగా కొట్టిపారేయవలసినది కాదు, రోజుకు పది పెగ్గులు తాగే మనిషి మానినట్టు కాదు గదా. కానీ ఎవరూ మానమని షరతు పెట్టనిచోట, సీసా దాచుకోవలసిన అవసరం లేనిచోట, తాగుడు పెరగకపోగా మూడో వంతు తగ్గింది. షరతు పెట్టిన చోట్ల ఈ మనుషులే అంతకుముందు అనేకసార్లు విఫలమై బయటపడ్డారన్నది కూడా మరచిపోకూడదు.

అమెరికాలో ప్రభుత్వం నిరాశ్రయుల కోసం పెద్ద ఎత్తున డబ్బు కేటాయించడం 1987 నాటి మెకిన్నీ చట్టంతో మొదలైంది. ఆ రోజుల్లో స్థిరపడిన పద్ధతికి మెట్ల వరుస అని పేరు. మొదట రాత్రి పడుకునే షెల్టరు, అక్కడ నడవడిక బాగుంటే ట్రాన్సిషనల్ హౌసింగ్ అనే మధ్యంతర వసతి, అందులో గరిష్ఠంగా 24 నెలలు ఉండి తాగుడు మాని, మందులు వేసుకోవడం అలవాటు చేసుకుని, నాలుగు డబ్బులు వెనకేసుకుంటే అప్పుడు సొంతంగా ఇల్లు. చెప్పుకోవడానికి ఎంతో సబబుగా ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, ప్రతి మెట్టు దగ్గరా ఒక పరీక్ష ఉంటుంది, తప్పినవాడు కింది మెట్టుకు కాక నేరుగా వీధికి వెళతాడు. రాత్రి గడువు దాటి వచ్చినా, మూత్ర పరీక్షలో మత్తుమందు జాడ కనిపించినా మంచం పోతుంది. మానసిక వ్యాధి ఉన్నవాడికి వ్యాధి లక్షణమే క్రమశిక్షణారాహిత్యంగా లెక్కకు వస్తుంది. పైగా అన్ని మెట్లూ ఎక్కినవాడికి కూడా 24 నెలల తరువాత ఊళ్ళో అద్దెలు మొదటి రోజున ఉన్నట్టే అందనంత ఎత్తులో ఉంటాయి.

సామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త న్యూయార్కులో వీధుల్లోని మానసిక రోగులను ఆసుపత్రికి చేర్చే పని చేసేవాడు. చేర్చినవారే మళ్ళీ అదే వీధిలో కనిపించడం చూసి విసిగి, 1992లో పాత్‌వేస్ టు హౌసింగ్ అనే సంస్థ ప్రారంభించి వరుసను తలకిందులు చేశాడు. దీనికే ముందు ఇల్లు (హౌసింగ్ ఫస్ట్) పద్ధతి అని పేరు. ముందు మామూలు అపార్టుమెంటు భవనంలో ఒక ఇల్లు ఇస్తారు. ఆదాయంలో 30 శాతం అద్దెగా కట్టాలి, వారానికొకసారి సిబ్బంది వస్తే తలుపు తీయాలి. చికిత్స ఎప్పుడు, ఎలా అన్నది ఆ ఇంటి మనిషి ఇష్టం. అయిదేళ్ళ తరువాత చూస్తే వారిలో 88 శాతం మంది ఇంట్లోనే ఉన్నారు, నగరంలోని పాత పద్ధతి వసతుల్లో ఉన్నవారిలో 47 శాతమే నిలిచారు. కెనడా 2009 నుంచి 2013 వరకు అయిదు నగరాల్లో, రెండు వేల మందికి పైగా మనుషులను లాటరీ పద్ధతిన రెండు వర్గాలుగా విడదీసి పరీక్షించినప్పుడు కూడా, ఇల్లు నిలుపుకోవడం విషయంలో ఫలితం ఇదే దిశలో వచ్చింది.

ఇలా ఇల్లూ, దానికి తోడు సిబ్బంది సాయమూ ఇచ్చే వసతిని పర్మనెంట్ సపోర్టివ్ హౌసింగ్, అంటే శాశ్వత సహాయక గృహం అంటారు. అది ఉచిత గది అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అసలు సంగతి లీజు. అద్దె ఒప్పందం ఆ మనిషి పేరు మీద ఉంటుంది, ఎన్నాళ్ళు ఉండవచ్చునన్నదానికి గడువు ఉండదు. ఖాళీ చేయించాలంటే మనందరికీ వర్తించే అద్దెదారుల చట్టం ప్రకారమే నోటీసు ఇచ్చి, అవసరమైతే కోర్టుకు వెళ్ళి చేయించాలి. కౌన్సెలర్‌తో మాట్లాడనన్నాడనో, మందు మానలేదనో పొమ్మనడానికి వీల్లేదు. మధ్యంతర వసతిలో మనిషి ఒక కార్యక్రమానికి లబ్ధిదారు, ఇక్కడ అద్దెదారు. అద్దె కూడా నామమాత్రమేమీ కాదు. వికలాంగులకు ఇచ్చే ఎస్.ఎస్.ఐ. అనే ప్రభుత్వ భృతి 2025లో నెలకు 967 డాలర్లు, అందులో 30 శాతమంటే 290 డాలర్లు. మిగిలినదాంతో నెలంతా గడవాలి. సియాటిల్ బయటి మార్కెట్టులో ఆ భృతి మొత్తం పోసినా ఒక పడకగది ఇల్లు రాదు.

ఈ ఇళ్ళు అడిగినవారందరికీ రావు. కేంద్ర గృహనిర్మాణ శాఖ నిబంధనల ప్రకారం వైకల్యమో, తీవ్రమైన మానసిక వ్యాధో, వ్యసనమో ఉండాలి. దానితోపాటు ఏకబిగిన ఏడాది, లేదా మూడేళ్ళలో నాలుగు విడతలుగా మొత్తం పన్నెండు నెలలు వీధిలోనో షెల్టరులోనో గడిపి ఉండాలి. గడిపినట్టు కాగితం ఉండాలి. తోపుడు బండిలో సామాన్లతో తిరిగే మనిషి గుర్తింపు కార్డు, జనన ధ్రువపత్రం భద్రపరచుకోవడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. శిబిరం ఖాళీ చేయించిన ప్రతిసారీ అవి చెత్తబండిలోకి పోతాయి. ఆపైన ప్రాధాన్యం తేల్చే ప్రశ్నావళి. గత 6 నెలల్లో ఎన్నిసార్లు అత్యవసర విభాగానికి వెళ్ళారు, ఎన్నిసార్లు అంబులెన్సు ఎక్కారు, మీమీద ఎవరైనా దాడి చేశారా అని అడుగుతారు. ఎంత అధ్వానంగా ఉంటే అంత మార్కులు. కష్టాన్ని పరువు కోసం దాచుకునే మనిషి ఈ పరీక్షలో తప్పుతాడు, ఈ ముక్క మనవాళ్ళకు వేరుగా వివరించనక్కరలేదనుకుంటాను.

ఇలాంటి ఒక భవనంలో కొత్తగా దిగేవారికి మా మిత్రబృందం సామాన్ల పెట్టెలు సర్ది ఇస్తుంటుంది. ఒక సాస్‌పాన్, ఒక మూకుడు, డబ్బాలు తెరిచే కటింగ్ ప్లేయరు లాంటి పరికరం, రెండు తువ్వాళ్ళు, షవరు తెర, తలగడ, దుప్పటి, గిన్నెలు తోమే సబ్బు, టాయిలెట్ కాగితం. మొదట్లో మేము పుస్తకాలు, గోడ బొమ్మలు కూడా పెట్టేవాళ్ళం. అక్కడ అద్దెదారుల బాగోగులు చూసే ఉద్యోగిని, కేస్ మేనేజర్, వాటి బదులు అలారం గడియారం, తలుపు సందులో పెట్టే రబ్బరు అడ్డు అడిగింది. రబ్బరు అడ్డు ఎందుకంటే, వీధిలో ఉన్నన్నాళ్ళూ నిద్రలో దొంగతనానికి గురైనవారు తాళం ఒక్కదాన్ని నమ్మరట. ఆ భవనంలో ఒకాయన ఇంట్లో దిగిన కొత్తలో మంచం మీద పడుకునేవాడు కాదు, బూట్లు విప్పకుండా, బ్యాగు తలకింద పెట్టుకుని తలుపు పక్కన నేలమీద పడుకునేవాడు. పొయ్యి వెలిగించడం మరిచిపోయి ఉండటంతో ఆ కేస్ మేనేజర్ పక్కన నిలబడి గుడ్డు వేయించడం చూపించవలసివచ్చింది, పొగకు అలారం మోగితే ఏం చేయాలో కూడా. సపోర్టివ్ అన్న మాటలో ఉన్న పని ఎక్కువగా ఇలాంటిదే. ఆసుపత్రి అపాయింట్‌మెంటు గుర్తు చేయడం, భృతి ఆగిపోతే ఫోనులో గంటసేపు లైనులో నిలబడటం, పాత స్నేహితులు వచ్చి గదిని ఆక్రమించుకుంటే వారిని పంపించడంలో అండగా నిలవడం.

ఇది అన్నిటికీ మందు అని ప్రచారం చేసేవారితో నాకు పేచీ ఉంది. అమెరికా జాతీయ అకాడమీలు 2018లో వెలువరించిన నివేదిక, హెచ్.ఐ.వి. ఉన్నవారి విషయంలో తప్ప, శాశ్వత సహాయక గృహాలవల్ల ఆరోగ్యం మెరుగుపడినట్టు గట్టి ఆధారం లేదని తేల్చింది. ఇల్లు ఇల్లే, వైద్యం వైద్యమే. ఇల్లు ఇచ్చాక వ్యాధి ఎందుకు పోలేదని నిలదీయడం అన్యాయం, పోతుందని మాట ఇవ్వడం అంతకంటే అన్యాయం. ఒంటరితనం కూడా ఉంది. శిబిరంలో తిట్టుకుంటూనైనా పదిమంది మధ్య ఉన్న మనిషి నాలుగు గోడల మధ్య ఒక్కడే మిగిలిపోతాడు. అలా ఒక్కడే ఉన్నప్పుడు మత్తుమందు మోతాదు మించితే పిలవడానికి పక్కన ఎవరూ ఉండరు. ఫెంటనిల్ అనే అతి తీవ్రమైన మత్తుమందు వచ్చాక ఈ భయం మరీ పెరిగింది.

మధ్యంతర వసతి పూర్తిగా దండగ అని కూడా నేను అనను. భర్త హింసనుంచి పారిపోయి వచ్చిన స్త్రీకి, పద్దెనిమిదేళ్ళు నిండి ప్రభుత్వ సంరక్షణనుంచి బయటపడిన కుర్రవాడికి, చిరునామా బయటపడని చోటు, కొంతకాలం ఊపిరి పీల్చుకునే వ్యవధి అవసరం. కానీ మామూలు నిరాశ్రయ కుటుంబాల సంగతి వేరు. 2010లో మొదలై 12 ప్రాంతాల్లో 2,282 కుటుంబాలను అనుసరించిన ఫ్యామిలీ ఆప్షన్స్ అధ్యయనంలో, మధ్యంతర వసతికి ఖర్చు ఎక్కువైంది, ఫలితం మాత్రం అద్దెలో కొంత భాగం ప్రభుత్వమే భరించే దీర్ఘకాలపు అద్దె వోచరు ఇచ్చి ఊరుకున్నదానితో పోటీకి రాలేదు.

ఫిన్లాండు ముందు ఇల్లు అన్న పద్ధతిని దేశం మొత్తానికి వర్తింపజేసింది. 1985లో ఏర్పడిన వై-ఫౌండేషన్ ఊళ్ళలో విడి ఫ్లాట్లు కొని అద్దెకిస్తూ వచ్చింది, 2008నుంచి ప్రభుత్వమే షెల్టర్లను మూసి వాటిని లీజు ఉన్న ఇళ్ళుగా మార్చింది. 1980లలో 18,000 దరిదాపుల్లో ఉన్న నిరాశ్రయుల సంఖ్య 2023కు 3,429కి దిగింది. 2024లో అది 3,806కు పెరిగింది. ఇల్లు కట్టడం, భృతి ఇవ్వడం తగ్గిస్తే ఎంత మంచి పద్ధతైనా వెనక్కి నడుస్తుంది.

మన దేశంలో 2011 జనాభా లెక్కలు 17.7 లక్షల మంది నిరాశ్రయులను గుర్తించాయి. సుప్రీంకోర్టు 2010 నుంచి ఇచ్చిన ఆదేశాలవల్ల లక్ష జనాభాకు ఒక షెల్టరు అన్న లెక్క వచ్చింది, జాతీయ పట్టణ జీవనోపాధి పథకం దానికి నిధులిచ్చింది. అది రాత్రి తలదాచుకోవడానికి. అక్కడినుంచి ఎక్కడికి అన్న ప్రశ్నకు ఆ పథకంలో జవాబు పలచన. చెన్నైలో 1993లో మొదలైన బన్యన్ సంస్థ మాత్రం 2015నుంచి, ఏళ్ళ తరబడి ఆసుపత్రుల్లోనే మిగిలిపోయిన మానసిక రోగులను నలుగురైదుగురు చొప్పున మామూలు వీధిలో అద్దె ఇంట్లో పెట్టి, తోడుగా ఒక సహాయకురాలిని ఉంచుతోంది. ఒంటరి గది కంటే కలిసి వండుకుని తినే ఇల్లు మన మనుషులకు ఎక్కువ నప్పుతుందని నా ఉద్దేశం. ఈ విషయంలో అమెరికానుంచి యథాతథంగా అరువు తెచ్చుకోవలసిన పని లేదు.

ఇక్కడ అమెరికాలో మాత్రం గాలి మారింది. 2025 జులైలో వెలువడిన అధ్యక్ష ఉత్తర్వు, ముందు ఇల్లు అన్న పద్ధతికి కేంద్రం మద్దతును ఉపసంహరించుకోమని ఆదేశించింది. మళ్ళీ చికిత్స షరతులు, మళ్ళీ గడువులు. నిధుల కొరత అంటే అందరూ భవనాల గురించే మాట్లాడతారు గానీ నాకు దగ్గరగా కనిపించిన ఇబ్బంది జీతాలది. భవనం కట్టడానికి పన్ను మినహాయింపుల ద్వారా పెట్టుబడి వస్తుంది, రిబ్బను కత్తిరించడానికి మేయరు వస్తాడు. కేస్ మేనేజర్ జీతం ఏడాదికేడాది వెతుక్కోవాలి. చాలీచాలని జీతంతో ఆమె మానేస్తే, అద్దెదారు తన కథంతా కొత్త మనిషికి మొదటినుంచి చెప్పాలి, కొందరు చెప్పడం మానేసి తలుపు వేసుకుంటారు. వాషింగ్టన్ రాష్ట్రం 2018నుంచి పేదలకు ఇచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ నిధుల్లోంచే ఈ సేవలకు చెల్లించడానికి ప్రత్యేక అనుమతి తెచ్చుకుంది, ఇప్పుడున్న అనుమతి గడువు 2028 జూన్‌తో ముగుస్తుంది.