బార్ నొక్కితే ట్యూనింగ్ పోతోందా? కీలు మార్చే ముందు నట్ చూడండి

ట్రెమొలో బార్, అంటే స్ట్రింగ్స్ పట్టుకున్న బ్రిడ్జ్‌ని ఊపే కడ్డీ, ఒకసారి నొక్కి వదలగానే గిటార్ ట్యూనింగ్ పోతోందని అడిగితే చాలామంది చెప్పే సలహా ఒకటే, ట్యూనింగ్ కీలు మార్చెయ్ అని. చెన్నై వేళచ్చేరిలో మా పక్క ఫ్లాట్ కుర్రాడికీ అదే చెప్పారు, వాడు డబ్బులు కూడా రెడీ చేసుకున్నాడు. ఆగరా బాబూ, ముందు తప్పెక్కడుందో చూద్దాం అన్నాను.

ట్యూనర్ పెట్టుకుని బార్ కిందికి నొక్కి వదలండి. ఏదో ఒక స్ట్రింగ్ మాత్రమే షార్ప్‌గా (శ్రుతి పెరిగి) తిరిగొస్తే అది దాదాపుగా నట్ (మెడ చివర, కీల ముందు స్ట్రింగ్స్ ఆనే చిన్న పట్టీ) గాడిలో ఇరుక్కుంటున్నట్టే. బార్ నొక్కినప్పుడు వదులై కీ వైపు జారిన స్ట్రింగ్, బిగుసుకునేటప్పుడు వెనక్కి రాలేకపోతోందన్నమాట. అదే స్ట్రింగ్‌ని గట్టిగా బెండ్ చేస్తే ఈసారి ఫ్లాట్ అవుతుంది, అంటే శ్రుతి తగ్గుతుంది. కీ తిప్పుతుంటే ‘టింగ్’మని చిన్న చప్పుడు కూడా వస్తోందా, ఇక అనుమానం అక్కర్లేదు.

కుర్రాడి గిటార్‌లో జరిగింది ఇదే. సన్నటి 9 సెట్ స్ట్రింగ్స్ తీసేసి కాస్త లావైన 10 సెట్ వేశాడు. లావు ఇ స్ట్రింగ్ 0.042 అంగుళాల నుంచి 0.046కి పెరిగింది, గాడి మాత్రం పాత సైజే. పెన్సిల్ ముక్కు గాడిలో రుద్దితే గ్రాఫైట్ వల్ల కొంత నయం, కానీ ఇరుకు గాడికి అది చాలదు. సన్నటి గరుకు కాగితం పాత స్ట్రింగ్‌కి చుట్టి పక్కలు మాత్రమే రుద్దాం. అడుగు జోలికి వెళ్లకండి, లోతు పెరిగితే ఓపెన్ స్ట్రింగ్ బజ్ కొడుతుంది, అప్పుడు కొత్త నట్ వేయించుకోవాల్సిందే.

లావు స్ట్రింగ్స్ వేస్తే బ్రిడ్జ్ కూడా ముందుకు లేస్తుంది. వెనక కవర్ విప్పి, స్ప్రింగులు పట్టుకున్న రెండు పొడవాటి స్క్రూలు అర చుట్టు బిగించి, మళ్లీ ట్యూన్ చేసి, బ్రిడ్జ్ ఎక్కడ నిలిచిందో చూసి, ఇంకా లేచే ఉంటే మళ్లీ అర చుట్టు. విసుగే, కానీ తొందరపడితే పని రెట్టింపు. అలాగే కొత్త స్ట్రింగ్స్‌ని చేత్తో బాగా సాగదీయకుండా ట్యూనింగ్ నిలవలేదని ఏడవడం అన్యాయం. చెన్నై చెమటకి తుప్పు పట్టినవైతే ఏమీ ఆలోచించకుండా పారేయండి.

స్ట్రింగ్స్ అన్నీ కలిసి ఒకే వైపు తప్పుతుంటే మాత్రం నట్‌ని వదిలేసి బ్రిడ్జ్ ఊగే చోట చూడండి. 1954 నాటి స్ట్రాటోకాస్టర్ గిటార్ పద్ధతిలో ఆరు స్క్రూల బ్రిడ్జ్ అయితే, ఎవరో ఆరింటినీ బిగించేసి ఉంటారు, అది ఊగడానికి చోటే ఉండదు. ఫ్లాయిడ్ రోజ్ అనే రకం ట్రెమొలో బ్రిడ్జ్‌కి నట్ దగ్గరే లాక్ ఉంటుంది కాబట్టి అక్కడ చూడాల్సింది కత్తి అంచులు, అంటే బ్రిడ్జ్ ఆనుకుని ఊగే పదునైన అంచులు. అవి మొద్దుబారితే పెన్సిళ్లతో పని జరగదు, బేస్ ప్లేట్ మార్చాల్సిందే.