పెట్టెలో ఊరగాయ, చేతిసంచిలో పవర్ బ్యాంకు

నెల్లూరు, కావలి, ఒంగోలు, ఎక్కడి నుంచైనా సరే, విదేశంలో ఉన్న పిల్లల దగ్గరికి బయల్దేరేవాళ్ళ ఇంట్లో పెట్టె సర్దేటప్పుడు వినపడే మొదటి మాట "ఊరగాయ పోనిస్తారా?" అని. పోనిస్తారు. ఆపేది మనం అసలు అనుమానించని వాటిని. పూజ సామాన్లలో పడేసిన కర్పూరం పొట్లం, ఎండుకొబ్బరి చిప్పలు, పాత బియ్యం, బట్టల అడుగున మరిచిపోయిన పవర్ బ్యాంకు ఇలాంటివి.

మన సామానును ముగ్గురు చూస్తారు, ముగ్గురూ చూసేది ఒకటి కాదు. ఎయిర్‌లైన్స్ కౌంటర్లో బరువు చూస్తారు. సెక్యూరిటీ వాళ్ళు విమానానికి ప్రమాదం ఉందా అని చూస్తారు. దిగిన దేశపు కస్టమ్స్ వాళ్ళు తమ పొలాలకు, పశువులకు, చట్టానికి ఇబ్బంది ఉందా అని చూస్తారు. చెన్నైలో ఎవరూ ఏమీ అనలేదు కదా, డాలస్‌లోనూ అనరు అనుకోవడంతోనే చాలామంది ఇరుక్కుంటారు. బియ్యం వల్ల విమానానికి ఏమీ కాదు కాబట్టి చెన్నైలో అడగరు. అమెరికాలో అడిగేది విమానం గురించి కాదు.

ఆ బియ్యం సంగతే ముందు చెప్పాలి. మొలగొలుకుల బియ్యం పండిన నెల్లూరు జిల్లా మనది, మనవడికి ఇంటి బియ్యంతో అన్నం పెట్టాలని ఎవరికైనా ఉంటుంది. కానీ మన దేశం నుంచి ప్రయాణికుల సామానులో బియ్యం తేవడాన్ని అమెరికా 2011 నుంచి నిషేధించింది. కిలో అయినా, కంపెనీ సీలు ఉన్నా అంతే. కారణం ఖాప్రా అనే గింజ పురుగు. సంచి కుట్లలో, పెట్టె మూలల్లో తిండి లేకుండా ఏళ్ళ తరబడి బతకగలదు, ఒకసారి గోదాములోకి చేరితే వదిలించడం మహా కష్టం. శనగలకూ ఇదే నిషేధం ఉంది. ప్రకాశం శనగలు ఎంత బాగున్నా గింజగా తీసుకెళ్ళొద్దు. పుట్నాలతో చేసిన పప్పులపొడి వేరు, దాన్ని పట్టుకెళ్ళొచ్చు.

పచ్చి కరివేపాకు రెమ్మ కూడా అమెరికాకు పనికిరాదు. ఆ ఆకు మీద బతికే సన్నటి పురుగే నిమ్మజాతి చెట్లకు గ్రీనింగ్ తెగులును మోస్తుంది. పొదలకూరు వైపు నిమ్మతోటలున్న రైతులకు ఈ తెగులు గురించి వేరే చెప్పక్కర్లేదు. ఉలవపాడు మామిడిపండ్లదీ అదే దారి. 2007 నుంచి మన మామిడి అమెరికాకు ఎగుమతి అవుతున్నది నిజమే, అయితే రేడియేషన్ శుద్ధి చేసిన పండ్లే పోతాయి. పెట్టెలో పెట్టుకున్న పండుకు ఆ అవకాశం లేదు.

మాంసం ఏ రూపంలోనూ వద్దు. కోడి పచ్చడి, గోంగూర మటన్ పచ్చడి నూనెలో వేయించి ఊరబెట్టినా అక్కడి లెక్కలో మాంసమే. చేప పచ్చడి, రొయ్యల పచ్చడి, ఎండు చేపలకు అమెరికాలో ఆ నిషేధం లేదు. సొంతానికి సరిపడా తీసుకెళ్ళి, ఉన్నట్టు చెప్పాలి. బ్రిటన్‌కు, యూరప్ దేశాలకు వెళ్ళేవాళ్ళకు మాంసంతో పాటు పాల పదార్థాలూ నిషేధమే. నెయ్యి సీసా, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి. ఆస్ట్రేలియా అన్నిటికంటే కఠినం. అక్కడ 2017లో వైట్ స్పాట్ తెగులు భయంతో పచ్చి రొయ్యల దిగుమతులనే కొన్ని నెలలు ఆపేశారు. చెరువుల్లో ఆ తెగులుతో పంట పోగొట్టుకున్న మన ఆక్వా రైతులకు వాళ్ళ భయం అర్థమవుతుంది.

కువైట్, దుబాయ్, సౌదీలకు వెళ్ళేవాళ్ళు గసగసాల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. మనకవి కూరలో వేసుకునే దినుసు, గల్ఫ్ దేశాల్లో మత్తుమందు కేసు. సింగపూర్‌లోనూ నిషేధమే. మసాలా పొడి ఇంట్లో దంచి పంపేటట్టయితే గసగసాలు లేకుండా దంచండి. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు కూడా అక్కడ చిక్కు తెచ్చేవే. ఏ మందైనా స్ట్రిప్‌తో పాటు, డాక్టరు ఇంగ్లీషులో రాసిన చీటీతో, చేతిసంచిలో పెట్టుకోవాలి. ఊరివాళ్ళు "మావాడికి ఇవ్వండి" అని తెచ్చిచ్చే పొట్లాన్ని వాళ్ళ ముందే విప్పి చూసి, మీ చేత్తోనే మళ్ళీ కట్టండి. మొహమాటపడొద్దు. అందులో ఏమి దొరికినా జవాబు చెప్పాల్సింది మోసుకెళ్ళినవాళ్ళే.

ఇక సెక్యూరిటీ. కర్పూరం, అగ్గిపెట్టె, లైటరు మన దేశంలో ఏ సంచిలోనూ కుదరవు. ఎండుకొబ్బరి చిప్పల్లో నూనె ఎక్కువ, దానంతటదే వేడెక్కి రాజుకునే గుణం ఉందని ప్రమాదకర సరుకుల పట్టికలో చేర్చారు. కొబ్బరికారం దంచుకుని పట్టుకెళ్ళడం మేలు. కారంపొడి, ఊరగాయ, కత్తిపీట అన్నీ చెక్ఇన్ పెట్టెలోకే. కత్తిపీట అంచుకు మందపాటి అట్ట చుట్టి, టేపు వేయండి. పెట్టె తెరిచి చూసేవాళ్ళ చెయ్యి తెగకూడదు. చేపల పులుసు, పప్పు, పెరుగు లాంటివన్నీ ద్రవాల కిందికే వస్తాయి. అంతర్జాతీయ ప్రయాణంలో చేతిసంచిలో ఒక్కో డబ్బా 100 మిల్లీలీటర్లు దాటకూడదు, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శక సంచిలో పట్టాలి.

పవర్ బ్యాంకు దీనికి తిరగబడ్డ లెక్క, అది చేతిసంచిలోనే ఉండాలి. లిథియం బ్యాటరీ అంటుకుంటే మనుషులున్న చోట ఆర్పగలరు, కింద సామాన్ల గదిలో చూసేవాళ్ళు ఉండరు. ఎంత సామర్థ్యం వరకు ఒప్పుకుంటారన్నది వాట్ అవర్లలో చెప్తారు. మీ పవర్ బ్యాంకు మీద ఉన్న ఎంఏహెచ్ అంకెను 3.7తో గుణించి 1000తో భాగించండి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు, ఇబ్బంది లేదు. 30,000 అయితే 111, అంటే 100 దాటింది, ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి. 160 దాటితే అసలు ఎక్కనివ్వరు. అంకెలు చెరిగిపోయిన పాత పవర్ బ్యాంకును కూడా ఆపేస్తారు. ఎమిరేట్స్ అయితే 2025 అక్టోబర్ 1 నుంచి 100 వాట్ అవర్ల లోపుది ఒక్కటే ఒప్పుకుంటోంది, దాన్ని విమానంలో వాడనివ్వదు.

ఊరగాయ కట్టడం దగ్గర తొందర పనికిరాదు. కొత్త ఆవకాయ లోలోపల పులుస్తూ గాలి వదులుతుంది. మూడో రోజు తిరగకలిపాక కనీసం మూడు వారాలు ఊరినదే పట్టుకెళ్ళండి. పైన తేలిన నూనెను తీసేయండి, ముక్క తడిగా ఉండేంత ఉంటే చాలు, అక్కడ చేరాక నూనె కాచి పోసుకోవచ్చు. విమానం పైకి వెళ్ళాక లోపలి గాలి ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతకు, అంటే ఇక్కడి దానిలో ముప్పాతికకు తగ్గుతుంది. డబ్బాలో మిగిలిన గాలి మూడో వంతు ఉబ్బుతుంది, మూత సందుల్లోంచి నూనెను బయటికి తోస్తుంది. అందుకే గాజు సీసా కంటే మందపాటి అల్యూమినియం పౌచ్ మేలు. అర కిలో చొప్పున వేయండి. అంచు లోపల నూనె మరక ఉంటే సీలు అతుక్కోదు, పొడిగుడ్డతో రెండుసార్లు తుడవండి. చేత్తో నొక్కి గాలి తీసి వేడి సీలు వేయండి, దాని మీద రెండో పౌచ్, దానికీ సీలు. రాత్రంతా ఓ పళ్ళెంలో తలకిందులుగా పెట్టి, పైన ఐదు కిలోల బరువు ఉంచండి. తెల్లారి పళ్ళెంలో చుక్క నూనె కనపడితే ఆ పౌచ్ మళ్ళీ కట్టాల్సిందే. ఎండు చేపలకు కూడా ఇదే పద్ధతి. ముందు రోజు ఎండలో పెట్టి, పూర్తిగా ఆరాకే సీలు వేయండి. ఎండు చేపల వాసన బట్టలకు పట్టిందంటే రెండు ఉతుకులకు పోదు.

ప్రతి పౌచ్ మీదా ఇంగ్లీషులో పేరు, ఏమేమి వేశారో రాయండి. మామిడి, కారం, ఆవపిండి, ఉప్పు, నువ్వుల నూనె అని ఉంటే అధికారి ఒక్క చూపులో వదిలేస్తాడు. ఏమీ రాయని ఎర్రటి ముద్దను విప్పించకుండా వదలడు.

బరువు ఇంట్లోనే తూచుకోండి. అమెరికాకు సాధారణంగా ఒక్కో పెట్టె 23 కిలోలు, ఏ దేశానికైనా ఒకే పెట్టె 32 దాటితే తీసుకోరు. చేతిసంచి చాలావరకు 7 కిలోలు. ఖాళీ పెట్టే నాలుగు కిలోలు ఉంటుంది, దాన్ని మరిచి ఊరగాయలు లెక్కేస్తే కౌంటర్ దగ్గర నేల మీద పెట్టె విప్పాల్సి వస్తుంది.

దిగాక ఫారంలో గానీ, అధికారి నోటితో గానీ "తిండి పదార్థాలున్నాయా" అని అడిగితే ఉన్నాయనే చెప్పాలి. చెప్పి చూపించిన వాటిలో పనికిరానిది ఉంటే తీసి పక్కన పడేస్తారు, అంతటితో సరి. లేదని చెప్పి దొరికితే అమెరికాలో 10,000 డాలర్ల వరకు జరిమానా వేసే అధికారం వాళ్ళకుంది. పురుడు పోయడానికి ఒంటరిగా వెళ్ళే అమ్మలకు ఇంగ్లీషు భయం ఉంటుంది కాబట్టి పెట్టెలో ఉన్న తిండి సామాన్ల పట్టిక ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాయించి పాస్‌పోర్టులో పెట్టండి. అడిగినప్పుడు ఆ కాగితం చేతికిస్తే చాలు.