చిత్తూరు దారిలో ఒక నల్ల ట్రఫుల్

ట్రఫుల్ అంటే మట్టిలోపల గడ్డలా పెరిగే, వంటల్లో సువాసన కోసం వాడే ఒక శిలీంధ్రం. అందులో నల్ల ట్రఫుల్ డిసెంబరు నుంచి మార్చి దాకా దొరుకుతుంది కనుక సంక్రాంతి నాటికి అది మంచి అదనులో ఉంటుంది. బెంగళూరులో ఒక హోటల్ వంటశాలలో పనిచేసే మిత్రుడు ఆ జనవరిలో ఫ్రాన్స్ నుంచి వచ్చిన సరుకులో 30 గ్రాముల గడ్డ ఒకదాన్ని కొన్న ధరకే నాకు ఇచ్చారు. పండుగకు చిత్తూరు పక్కనున్న మా ఊరికి కారులో బయలుదేరుతున్న నాకు బట్టలు సర్దుకోవడం కన్నా దీన్ని సర్దడమే పెద్ద పని అయింది.

తవ్వి తీసిన తరువాత కూడా ట్రఫుల్ శ్వాసిస్తూ, తేమను వదులుతూనే ఉంటుంది. ఆ తేమ పైన నిలిస్తే బూజు పడుతుంది. పూర్తిగా ఆరిపోతే గడ్డ బరువూ వాసనా రెండూ తగ్గిపోతాయి. అందువల్ల దాన్ని కడగకుండా, పొడి టిష్యూ కాగితంలో వదులుగా చుట్టి, గాజు సీసాలో పెట్టి, 2 నుంచి 4 డిగ్రీల చలిలో ఉంచుతూ రోజూ కాగితం మార్చాలని మిత్రుడు చెప్పారు. బియ్యంలో దాచితే నిలువ ఉంటుందని చాలామంది నమ్ముతారు గానీ, బియ్యం దాని తేమను లాగేసుకుంటుంది కాబట్టి గడ్డ త్వరగా వడలిపోతుంది. ఇంత జాగ్రత్త పడినా ఇటలీలోని ఆల్బా ప్రాంతపు తెల్ల ట్రఫుల్ వారం రోజులు, నల్లది పది రోజులకు అటూ ఇటూ మాత్రమే బాగుంటాయి. నేను సీసాకు తువ్వాలు చుట్టి, మంచు నేరుగా తగలకుండా ఐస్ బాక్సులో పెట్టుకుని తెల్లవారకముందే బయలుదేరాను.

కోలారు దాటాక ముళబాగల్‌లో ఆగి, ఆ ఊరికి పేరు తెచ్చిన మందపాటి దోసె తిని, సరిహద్దు దాటి పలమనేరు చేరాము. అక్కడి చలి ఆ రోజు నాకు బాగా అక్కరకొచ్చింది. మొగిలి ఘాటు దిగి బంగారుపాళెం వచ్చేసరికి ఎండ ముదిరింది. సీసా మూత బిగించే ఉన్నా డ్రైవరు కారు పక్కకు ఆపి, "సార్, గ్యాస్ ఏమన్నా లీకవుతా ఉండాదా?" అని అడిగారు.

ఆయన అనుమానం అర్థం లేనిది కాదు. ట్రఫుల్ వాసనలో డైమిథైల్ సల్ఫైడ్ వంటి గంధక సమ్మేళనాలు ముఖ్యమైనవి. వాసన లేని వంట గ్యాస్‌కు వాసన రావడానికి కలిపేదీ గంధక సమ్మేళనమే. మట్టిలోపలే పెరిగే ఈ శిలీంధ్రం తన సిద్ధబీజాలను గాలికి వదలలేదు. ఏ జంతువో వాసన పట్టి తవ్వి తిని, మరోచోట విసర్జిస్తే తప్ప దానికి వ్యాప్తి లేదు. పూర్వం పందులతో వెతికించేవారు గానీ అవి దొరికినదాన్ని తినేస్తాయి, నేలనూ పాడుచేస్తాయి; అందుకే ఇటలీలో 1985లో పందులను నిషేధించారు. ఇప్పుడు ఆ పని శిక్షణ పొందిన కుక్కలది.

ఊళ్ళో బెల్లం గానుగలు నడుస్తున్నాయి, మామిడి పూత మొదలైంది. అవ్వ సీసాలోకి తొంగిచూసి, "ఏంది నాయనా ఇది, కాల్చిన గెనుసుగడ్డ మాదిరుండాదే!" అన్నది. గడ్డను మెత్తని బ్రష్షుతో దులిపి చిన్న ముక్క కోసి చూపించాను. పైన గరుకైన, సన్నని మొనలున్న నల్లని తోలు. లోపల ఊదారంగు కలిసిన నలుపు, దాని నిండా అల్లుకున్న తెల్లని ఈనెలు. పైకి దాదాపు ఇలాగే ఉండే టూబర్ ఇండికమ్ అనే జాతిని మన హిమాలయాల్లో దొరికిన నమూనాలను బట్టి 1892లో వర్ణించారు. ఇప్పుడది చైనా నుంచి చవకగా వచ్చి, అసలుదాని పేరుతో అమ్ముడుపోతూ ఉంటుంది. రెంటినీ కంటితో పోల్చుకోవడం కష్టం, ముక్కుతో తేలిక.

చిన్నాయన మాత్రం రైతు కనుక వేరే ప్రశ్న వేశాడు: "మన మామిడితోపులో వేస్తే రాదంట్రా?" రాదు. ఈ శిలీంధ్రం ఓక్, హేజల్ వంటి చెట్ల వేరుకొనలను తొడుగులా కప్పి, వాటికి నీరూ ఖనిజాలూ అందించి చక్కెర తీసుకుంటుంది. మామిడి వేళ్ళతో దానికి ఆ పొత్తు కుదరదు. పైగా దానికి సున్నపు నేల, చలి ఎక్కువగా ఉండే శీతకాలం కావాలి. ఫ్రాన్స్‌లో జోసెఫ్ తలోన్ అనే రైతు 1810 ప్రాంతంలో ట్రఫుల్ దొరికే ఓక్ చెట్ల గింజలను నాటి దీని సాగుకు దారి చూపాడు. నేటికీ శిలీంధ్రం అంటించిన మొక్కలు నాటి ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసిందే. అది విని చిన్నాయన మళ్ళీ చెరుకు లెక్కల్లో పడ్డాడు.

ఆ రాత్రి నాటుకోడి గుడ్లు నాలుగింటిని అదే సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. గుడ్డు పెంకుకు సన్నని రంధ్రాలుంటాయి, సొనలో కొవ్వుంటుంది; ట్రఫుల్ సువాసన కొవ్వును బాగా పట్టుకుంటుంది. మరునాడు వాటిని గిలక్కొట్టి, వెన్నలో, సన్నని సెగమీద, ఉప్పు తప్ప మరేమీ వేయకుండా కలియబెట్టాను. "ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ లేకుండా గుడ్డు ఎవరు తింటారు నాయనా?" అని చిన్నమ్మ పెదవి విరిచింది గానీ, గడ్డ ముక్క ఒక్కటీ పడకుండానే గుడ్డుకు ఆ వాసన ఎలా వచ్చిందని తానే అడిగింది.

సంక్రాంతి నాడు కట్టె పొంగలి. నైవేద్యం ముగిశాక, అల్లం, జీలకర్ర, ఇంగువల పోపు పెట్టకముందే నాకోసం కొంత విడిగా తీయించాను. ఇంగువ కూడా గంధకపు ఘాటున్నదే కనుక దాని ముందు ట్రఫుల్ నిలవదు. ముందురోజే గడ్డలో మూడోవంతు తురిమి, అవ్వ చిలికిన వెన్నలో ఉప్పుతో కలిపి ఉంచాను. పొయ్యి దించి, ఆవిరి కొంచెం తగ్గాక ఆ వెన్న కలిపి, పీలరుతో కాగితమంత పలుచగా గీసిన ముక్కలు పైన వేశాను. తెల్ల ట్రఫుల్‌నైతే అసలు ఉడికించకూడదు, పచ్చిగానే గీసుకోవాలి. నల్లది ఇంతటి వేడిని ఓర్చుకుంటుంది. పెసరపప్పు కమ్మదనానికి ఆ మట్టి పరిమళం ఇంత బాగా అమరుతుందని నేను అనుకోలేదు. అవ్వ రెండు ముద్దలు తిని, "బాగుండాది గానీ, మిరియాలు లేని పొంగలికి ఇంత హంగామానా?" అన్నది.

కనుమ నాడు చిన్నాయన పట్టుబట్టి, రాగిసంగటిలోకి చేసిన నాటుకోడి పులుసులో కొన్ని ముక్కలు వేయించాడు. గసగసాలు, ధనియాలు, తెల్లగడ్డ, ఎండుమిరప కలిసిన ఆ పులుసులో ట్రఫుల్ జాడ కూడా మిగలలేదు. పులుసుకు అది లోటు కాదు; ట్రఫుల్‌కు అక్కడ పని లేదు, అంతే.

మిగిలిన వెన్నతో తిరుపతిలోని అక్క ఇంటికి వెళ్ళాను. ఆ సాయంత్రం బయట ఒక హోటల్‌లో "ట్రఫుల్" పేరుతో వేపుడు ఉర్లగడ్డ ముక్కలు తెప్పించారు. బజారులో దొరికే ట్రఫుల్ నూనెల్లో చాలావాటిలో గడ్డ ఉండదు; ప్రయోగశాలలో తయారైన 2,4-డైథియాపెంటేన్ అనే ఒకే రసాయనాన్ని మామూలు నూనెలో కలుపుతారు. తిన్న గంట తరువాత కూడా నోట్లో అదే ఒంటి ఘాటు నిలిచి ఉంది. ఇంటికి రాగానే అక్క ఉర్లగడ్డలు ఉడికించి చిదిపి, మన వెన్న ఒక చెంచా వేసి పెట్టింది. తక్కినదాన్ని బటర్ పేపరులో చుట్టి ఫ్రీజరులో దాస్తూ, ఉగాదికి ఉంటుందా అని అడిగింది. గడ్డను గడ్డకట్టిస్తే మెత్తబడి పాడవుతుంది గానీ వెన్నకు ఆ ఇబ్బంది లేదని, ఉగాది దాటనివ్వకుండా కావలసినప్పుడు కావలసినంత కోసుకోమని చెప్పాను.