చెన్నై నుంచి పియానో తెచ్చుకునే ముందు

నెల్లూరు, ఒంగోలు వైపు చర్చికైనా ఇంటికైనా పియానో కావాలంటే చెన్నై వెళ్లాల్సిందే. ముందుగా అందరూ అడిగేది పేరే: యమహానా, కవాయా? రెండూ హమమత్సు కంపెనీలే, ఒకటి 1887 నుంచి, ఇంకోటి 1927 నుంచి. పేరుకి వంక లేదు. సెకండ్‌హ్యాండ్‌లో మాత్రం పై మూత ఎత్తి, ఇనుప ఫ్రేమ్ మీద సీరియల్ నంబర్ చూడాలి. తయారైన ఏడాది దాన్ని బట్టే తెలుస్తుంది. నంబర్ ఫోటో పంపడానికి నసిగే డీలరుతో బేరం వద్దు.

అసలు గండం పిన్‌బ్లాక్‌తో, అంటే తీగలు చుట్టిన పిన్నులు దిగ్గొట్టిన చెక్కతో. 88 మెట్లకి దాదాపు 230 తీగలు, అన్నీ కలిసి 18 టన్నుల దాకా లాగుతుంటాయి. ఆ లాగుడికి తట్టుకుని పిన్నుల్ని పట్టి ఉంచేది ఆ చెక్కే. మే నెల వడగాడ్పుకి ఎండి కుంచించుకుపోతుంది, వాయుగుండాల రోజుల్లో తేమకి ఉబ్బుతుంది. ఏళ్లతరబడి ఇలా సాగితే రంధ్రాలు వదులై, ఇవాళ చేసిన శ్రుతి వారం తిరక్కుండానే జారుతుంది. లావు పిన్నులు వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది. బ్లాక్ మార్చాలంటే మాత్రం ఆ ఖర్చుతో ఇంకో పాత పియానో చూసుకోవచ్చు.

కనిపెట్టడం కష్టమేం కాదు. మధ్య మెట్లకి మూడేసి తీగలుంటాయి. ఒక మెట్టు నొక్కి పట్టుకుంటే మూడూ ఒక్కటిగా మోగాలి. నాదం ఊగుతుంటే తీగ జారినట్టు. అక్కడొకటి ఇక్కడొకటి అయితే ఫర్వాలేదు, వరసగా నాలుగైదు మెట్లు ఊగితే చెక్కని అనుమానించాలి. డీలరు చేత రెంచ్ పెట్టించి చూడండి, పిన్ను వెన్నలో తిరిగినట్టు తిరిగితే వదిలేయండి. ఫోన్ ట్యూనర్ యాప్‌లో మధ్య 'ఎ' 440 హెర్ట్జ్ చూపించాలి. 425 దగ్గరుంటే ఒక్కసారే ఎత్తలేరు, తుప్పు పట్టిన తీగలు పుటుక్కుమంటాయి. ముందు ముతకగా ఎత్తి, కుదురుకున్నాక మళ్లీ సరిచేయాలి. "ఒక్క ట్యూనింగ్‌తో సెట్ అయిపోతుంది సార్" అనేవాడికి పని తెలియదు, లేదా తెలిసే అంటున్నాడు.

తీగల్ని కొట్టే సుత్తుల మీది ఫెల్ట్‌కి పురుగు, అడుగున ఎలుక గూడు ఉన్నాయేమో టార్చి వేసి చూస్తే చాలు.

డీలరుకి మంచి పేరుందో లేదో తెలుసుకోవాలంటే షోరూమ్ మెరుపు చూడొద్దు. గూడూరులోనో కావలిలోనో మూడేళ్ల కిందట కొన్నవాళ్ల నంబరు అడగండి. పియానో బాగుందా అని కాదు, రెండో ఏడు ట్యూనర్ వచ్చాడా అని అడగండి. చెన్నై నుంచి నెల్లూరుకి 175 కిలోమీటర్లు, ట్యూనర్ దారిఖర్చు ఎవరిదో బిల్లులోనే రాయించుకోండి. లారీ దిగిన రెండు మూడు వారాల తర్వాతే మొదటి ట్యూనింగ్.

తేమకని లోపల హీటర్ రాడ్ పెట్టించి ఇస్తారు కొందరు. మంచిదే, నవంబరులో వేసి ఉంచండి. మేలోనూ ఆపకపోతే సౌండ్‌బోర్డ్, అంటే నాదాన్ని పెంచే పలుచటి చెక్క, పగులుతుంది. ఆ మాట అమ్మేటప్పుడే చెప్పే డీలర్లు తక్కువ.