పెద్ద పండగకి ఖద్దరు కర్చీఫులు: పని ఎంతవరకు వచ్చిందంటే

మన ఇళ్లలో అమ్మకో మావయ్యకో ఎదురుగా నిలబడి థాంక్స్ చెబితే, పరాయివాళ్లలా ఏమిటీ మాట అంటారు. అదే పండగకి బట్ట పెడితే ఎవరికైనా అర్థమవుతుంది. అందుకే ఈ సంక్రాంతికి 9 కర్చీఫులు. మూలన పేరులోని మొదటి అక్షరం, మడతలో ఒక చీటీ.

మొదటి వారం గుడ్డకే సరిపోయింది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, 100 కౌంటు అనే చాలా సన్నటి నూలుతో నేసిన పొందూరు గుడ్డ చూస్తే చెయ్యి అటే పోతుంది. ఈ పనికి మాత్రం అది వద్దు. అంత పల్చటి నేతలో సూది గుచ్చినచోటల్లా పోగులు జరిగి కన్నాలు తేలతాయి. కాస్త ముతక రకం, 36 అంగుళాల పన్నా, ఒక మీటరు చాలు. రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, గంజి పోయేదాకా ఉతికి, నీడన ఆరేసి, చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయాలి. ఇది మానేసి కోస్తే తొలి ఉతుకులో గుడ్డ ముడుచుకుంటుంది, దారం ముడుచుకోదు. అంచంతా అలలుగా లేస్తుంది.

ఉతికాక పన్నా 35 అంగుళాలకి దిగింది. పదకొండున్నర అంగుళాల చదరాలు అడ్డంగా 3, నిలువుగా 3 వచ్చాయి. సుద్దతో గీసి కోయకండి, చేనేతలో గీత ఒకదారి, పోగు ఒకదారి. సూదిమొనతో ఒక్క పోగు పైకి లేపి మెల్లగా లాగితే గుడ్డలో సన్నటి చార పడుతుంది. కత్తెర ఆ చారమీదే నడవాలి. చేతి వడుకు నూలు ఒకచోట లావు, ఒకచోట సన్నం కాబట్టి సన్నమైనచోట పుటుక్కున తెగుతుంది. తెగినచోటనుంచే కొస అందుకుని మళ్లీ లాగాలి.

అంచు పావు అంగుళం మడిచి, మళ్లీ పావు అంగుళం మడవాలి. మూలల్లో ముందే చిన్న ముక్క కత్తిరించకపోతే పొరలు గడ్డకట్టి సూది దిగదు.

అక్షరాలకి గొలుసు కుట్టు. తెలుగు వంపులకి అదే ఒదుగుతుంది. ఆరు పోగుల దారంలో 2 పోగులే తీసుకోవాలి. నిలువులో 3 మిల్లీమీటర్ల కుట్టు పర్వాలేదు, వంపులో 2 దాటితే ‘ల’ కాస్తా కోణాలు తేలి గుర్తుపట్టలేనట్టు అవుతుంది. కుట్టేటప్పుడు గుడ్డని బిగించే రింగులో మూల నిలవదు, దానికి పాత గుడ్డ ముక్కని పొడుగు కుట్లతో అతికించి బిగించాలి. వెనక ముడి వేయొద్దు, కర్చీఫుకి రెండువైపులూ కనబడతాయి. దారం కొసని కుట్లకిందుగా దూర్చి వదిలేయాలి. ఎరుపు దారమైతే ముందే తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడండి, రంగు దిగితే పక్కన పెట్టేయండి.

అక్షరానికి ముప్పావుగంట పడుతోంది. ఇప్పటికి 6 పూర్తయ్యాయి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సింది చీటీ. “మీ సాయానికి కృతజ్ఞతలు” అని రాస్తే ఎవరికిచ్చినా ఒకటే. “అప్పా, పరీక్షల నెలంతా తెల్లారి నాలుగింటికి లేపి టీ పెట్టావు” అని రాస్తే అది అప్పకి తప్ప ఇంకెవరికీ చెల్లదు. ఒక్క వాక్యం, ఒక్క పని. ఇంకు గుడ్డకి అంటుతుంది, అందుకని పెన్సిలుతోనే.

కర్చీఫు ఇస్తే విడిపోతారని కొందరు పెద్దవాళ్లు అంటారు. ఆ పట్టింపు ఉన్నవాళ్లతో వాదించొద్దు. మిగిలిన 3 చదరాలూ వాళ్లకే, మూతి దగ్గర తాడు లాగే సంచులుగా. చదరాన్ని సగానికి మడిచి అడుగు, పక్క కుట్టి, పైన ముప్పావు అంగుళం గొట్టంలా మడవాలి. పావుకిలో పలాస జీడిపప్పు పడుతుంది. పప్పు నూనె తెల్ల ఖద్దరుమీద మరకవుతుంది కాబట్టి ముందు బటర్ పేపరులో చుట్టి, చీటీ దానికి బయట పెట్టి, అప్పుడు తాడు లాగాలి.